వెట్‌మెడిన్ మాత్రలు: గుండె జబ్బున్న మా జిమ్మీకి పద్నాలుగు నెలలుగా వాడుతున్నాం

ముందే చెప్పేస్తాను, ఈ మాత్రలు పనిచేస్తాయి. ఈ పూట మా జిమ్మీ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన తల పెట్టుకుని హాయిగా పడుకున్నాడంటే అందులో ఈ మాత్ర వాటా పెద్దది. కానీ డబ్బా కొనేసి రోజుకి రెండు వేస్తే చాలు అనుకుంటే మాత్రం కుదరదు. దీనితో పాటు ఇంట్లో మనం చేయాల్సిన పని బోలెడుంది. మొదట్లో మాకు ఆ సంగతి తెలియక చాలా ఇబ్బంది పడ్డాం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా మీ కుక్కకి పదేళ్లు దాటి, రాత్రిళ్లు దగ్గుతుంటే.

జిమ్మీకి ఇప్పుడు పన్నెండేళ్లు. తెల్లగా, బొచ్చుగా ఉంటాడు. మా వీధిలో అందరూ పామేరియన్ అంటారు గానీ నిజానికి ఇండియన్ స్పిట్జ్, మన ఊళ్లలో పామేరియన్ పేరుతో పెంచేవాటిలో ఎక్కువ ఇవే. బరువు తొమ్మిది కిలోలు, జబ్బు రాకముందు పది ఉండేవాడు. మేము విజయవాడలో రెండో అంతస్తులో ఉంటాం, లిఫ్టు లేదు. ఇది ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

వాడికి తొమ్మిదో ఏడు దాటాక ఒకసారి టీకా వేయించడానికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి "గుండెలో కొంచెం శబ్దం వస్తోంది, వయసు కదా, ఏం కాదులెండి" అని పంపించేశారు. ఎక్స్‌రే తీయించమనలేదు, ఆరు నెలలకోసారి చూపించమని కూడా అనలేదు. మాకూ తెలియదు కాబట్టి సరే అని వచ్చేశాం. ఆ ఒక్క మాట దగ్గర ఆగి నేను ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత రెండేళ్లకి దగ్గు మొదలైంది. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు గట్టిగా దగ్గి, చివర్లో కక్కబోతున్నట్టు చేసేవాడు, ఏమీ వచ్చేది కాదు. ఎక్కువగా రాత్రిపూట, లేదంటే ఎవరైనా వస్తే సంతోషంతో గెంతినప్పుడు. అదే క్లినిక్కుకి వెళ్తే జలుబు అని దగ్గు మందు రాశారు. అమ్మేమో "చలికి గొంతు పట్టేసింది పాపం, గోరువెచ్చటి నీళ్లు పట్టండి" అనేది. అలా రెండు నెలలు దగ్గు మందు పోశాం.

మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే వాడు పడుకోలేదు. హాల్లో ముందు కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, మెడ ముందుకి చాచి నిలబడి, పొట్ట ఎగిరెగిరి పడుతుంటే ఊపిరి తీస్తున్నాడు. పడుకోబోయి వెంటనే లేచేవాడు. చిగుళ్లు ఎప్పుడూ లేత గులాబీ రంగులో ఉండేవి, ఆ రోజు బూడిద రంగులోకి తిరిగాయి. ఇలా కనపడితే ఫోనులో వెతుక్కుంటూ కూర్చోకండి. మీదకి ఎత్తి పొట్ట నొక్కకుండా, నీళ్లు బలవంతంగా పట్టకుండా, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లండి. మేము ఈసారి వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చి, కాస్త కుదుటపడ్డాక ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు నల్లగా కనపడాల్సిన చోట తెల్లటి మబ్బు. నీరు చేరింది.

ఆ డాక్టరుగారు ఓ కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పారు. ఎడమ వైపు రెండు గదుల మధ్య మైట్రల్ వాల్వ్ అని ఒక తలుపు ఉంటుంది, వయసు మీద పడేకొద్దీ చిన్న జాతి కుక్కల్లో అది మందంగా, ముడతలు పడి సరిగ్గా మూసుకోదు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి తన్నుతుంది. పై గది ఉబ్బిపోతుంది, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల దాకా పోయి అక్కడ నీరు ఊరుతుంది. ఉబ్బిన గది పక్కనే ఊపిరి గొట్టం ఉంటుంది కాబట్టి అది నొక్కుకుని దగ్గు. కుక్కలకి వచ్చే గుండె జబ్బుల్లో దాదాపు మూడొంతులు ఇదేనట. స్పిట్జ్, పామరేనియన్, డాక్స్‌హండ్ లాంటి చిన్నవాటికి ఇది ఎక్కువ. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్దవాటికి వచ్చేది వేరే, గుండె కండరమే పలచబడి సాగిపోతుంది. మరుసటి రోజు ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే జిమ్మీది మొదటి రకమే అని తేలింది. దగ్గు మందు ఆ రెండు నెలల్లో ఏమీ చేయలేకపోవడం సహజమే, అది గొంతు జబ్బు కాదు కదా.

అక్కడి నుంచి మొదలైంది వెట్‌మెడిన్. ఇది బోరింగర్ ఇంగెల్‌హైమ్ అనే జర్మన్ కంపెనీది, లోపలి మందు పేరు పిమోబెండాన్. రెండు పనులు చేస్తుంది: గుండె కండరం గట్టిగా పిండుకునేలా చేస్తుంది, రక్తనాళాలని వదులు చేసి గుండె మీద బరువు తగ్గిస్తుంది. అంటే ఎడ్లకి బలం పెంచడమూ, బండి మీద బస్తాలు తగ్గించడమూ రెండూ ఒకేసారి అన్నమాట. అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది, ఇప్పుడు కుక్కల గుండె డాక్టర్లు ఎక్కడైనా ముందుగా రాసే మందుల్లో ఇదొకటి.

మా జిమ్మీకి 2.5 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కిలోకి పూటకి పావు మిల్లీగ్రాము చొప్పున లెక్క వేస్తారు. దయచేసి నా లెక్క చూసి మీ కుక్కకి వేయకండి, బరువుని బట్టి, జబ్బు ఏ దశలో ఉందో బట్టి డాక్టరే రాయాలి. మాత్ర మధ్యలో గీత ఉంటుంది, విరిస్తే చక్కగా రెండు సమాన ముక్కలవుతుంది, పొడి రాలదు. వాడికి రుచి బాగా నచ్చింది. మొదటి రోజు అరచేతిలో పెట్టి చాపితే వాసన చూసి, నాలుకతో తీసుకుని, నమిలి, ఇంకోటి ఉందా అన్నట్టు నా రెండో చెయ్యి వెతికాడు. పన్నెండేళ్లలో వాడికి మాత్ర మింగించడానికి యుద్ధం చేయని మొదటి సందర్భం అదే.

ఆ రుచే ఒక ప్రమాదం కూడా. డబ్బా కింద పడి ఉంటే బిస్కెట్లలాగా మొత్తం తినేస్తాయి. గుండె మందు ఒకేసారి అన్ని మాత్రలు పడితే ప్రాణం మీదకి వస్తుంది. మాది అల్మారా పై అరలో, తలుపు వేసే చోట ఉంటుంది. ఫ్రిజ్ మీద పెట్టకండి, దాని వెనక నుంచి వేడి వస్తుంది. పొయ్యి గట్టు అసలే వద్దు. మా బెజవాడ మే నెలలో వంటిల్లు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. డబ్బా మీద ఏ ఉష్ణోగ్రతలో ఉంచమన్నాడో చదివి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. ఈ మాత్ర ఖాళీ కడుపుతో ఇవ్వాలి, తిండికి ఒక గంట ముందు. అన్నంతో కలిపితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. మొదటి మూడు వారాలు మేము పెరుగన్నంలో కలిపి పెట్టాం. డాక్టరు రాసిన చీటీలో "బిఫోర్ ఫుడ్" అని ఉంది, మేము చదివాం కూడా, కానీ కుక్కకి ముందేంటి వెనకేంటి అనుకున్నాం. మళ్లీ చూపించినప్పుడు ఆయన అడిగితే గానీ తేలలేదు. అప్పటి నుంచి పొద్దున ఆరింటికి మాత్ర, ఏడింటికి తిండి, సాయంత్రం ఆరింటికి మాత్ర, ఏడింటికి తిండి. వారం తిరిగేసరికి తేడా మాకే కనిపించింది. మెట్ల మలుపు దగ్గర కూర్చుండిపోయేవాడు, తల ఎత్తి చుట్టూ చూడటం మొదలుపెట్టాడు. పాలబ్బాయి వస్తే మళ్లీ మొరిగాడు. ఆ మొరుగు విని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి వాణ్ణి పట్టుకుని ఏడ్చేసింది.

ఇంకో సంగతి, డబ్బాలో 50 మాత్రలుంటాయి. రోజుకి రెండు అంటే 25 రోజులే. నెల సరుకులతో పాటు తెచ్చుకుందాంలే అనుకుంటే ఐదు రోజులు తక్కువ పడతాయి. ఒకసారి అలాగే జరిగింది. ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డరు రేపు మాపు అంటూ నాలుగు రోజులు ఆలస్యం అయింది, వచ్చిన డబ్బాకి గడువు తేదీ రెండు నెలలే ఉంది. రెండు రోజులు మాత్ర పడలేదు. రెండో రాత్రికే ఊపిరి వేగం పెరిగింది. ఇప్పుడు డబ్బాలో పదిహేను మాత్రలు మిగిలేసరికి కొత్తది చెప్పేస్తున్నాను. మామూలు మెడికల్ షాపుల్లో ఇది దొరకదు, నేను మా పేటలో ఆరు షాపులు తిరిగాను. పశువుల మందులు, పెట్ మందులు అమ్మే షాపులో ఒకళ్లని పట్టుకుని, నెలనెలా మాకు కావాలి అని చెప్పి పెట్టుకోవడమే మంచిది. ఆ షాపతను ఇప్పుడు తనే ఫోన్ చేసి "అక్కా, జిమ్మీ మాత్రలు వచ్చాయి" అంటాడు.

ఖర్చు విషయానికొస్తే, వాడే మందులన్నిటిలో ఖరీదైనది ఇదే. మా ఇంటి పాల బిల్లు కంటే ఎక్కువే అవుతోంది. మధ్యతరగతి ఇంటికి అది తక్కువేం కాదు, పెద్ద కుక్కలకైతే ఇంకా ఎక్కువ. లాసిక్స్ మాత్రం చాలా చవక, మనుషులకిచ్చేదే కాబట్టి ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

లాసిక్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వెట్‌మెడిన్ ఒక్కటే ఊపిరితిత్తుల్లో నీరు లాగదు. గుండెకి బలం ఇచ్చేది ఒకటి, చేరిన నీటిని ఒంట్లోంచి తోసేసేది ఇంకొకటి. వాటితో పాటు ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ అనే ఇంకో రెండు గుండె జబ్బు మందులు కూడా వాడుతున్నాం. ఏదో ఒకటి వేసి మిగతావి ఖర్చనో, కుక్క బాగానే ఉందిగా అనో ఆపేయకండి. మా బంధువులొకరు వాళ్ల కుక్కకి దగ్గు తగ్గిందని లాసిక్స్ ఆపేశారు, పది రోజుల్లో మళ్లీ ఆక్సిజన్ దాకా వెళ్లింది.

లాసిక్స్ వేశాక గంటలోపే ఒంటికి పోవడం మొదలవుతుంది, ఆరు గంటల దాకా పనిచేస్తుంది, పేరులోనే ఆ ఆరు ఉందని డాక్టరు చెప్పారు. మొదట్లో రాత్రి తొమ్మిదింటికి వేసేవాళ్లం. పాపం వాడు అర్ధరాత్రి లేచి తలుపు దగ్గర నిలబడి ఏడ్చేవాడు, మేము నిద్ర లేచేలోపు హాల్లో పోసేసి, చెవులు వెనక్కి పెట్టుకుని సోఫా కిందకి దూరేవాడు. జీవితంలో ఇంట్లో పోయని కుక్క. దాన్ని తిట్టకండి, అది మందు చేయించే పని. సాయంత్రం ఆరింటికి మార్చాక పడుకునేలోపు రెండుసార్లు కిందకి తీసుకెళ్తే సరిపోతోంది. దాహం కూడా బాగా వేస్తుంది. నీళ్లు తగ్గిస్తే ఊపిరితిత్తుల్లో నీరు తగ్గుతుందని మాకు ఒకాయన సలహా ఇచ్చాడు, అది శుద్ధ తప్పు. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. లేకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందులు మొదలుపెట్టిన వారం పది రోజులకి ఒకసారి, తర్వాత మూడు నాలుగు నెలలకోసారి రక్త పరీక్ష చేయించి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, దానితో పాటు పొటాషియం చూపిస్తున్నాం. మనుషుల నొప్పి మాత్రలు, ఐబుప్రొఫెన్ లాంటివి, పొరపాటున కూడా వేయకండి. ఈ మందుల మీద అవి పడితే కిడ్నీలు పోతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. దీనికి పైసా ఖర్చు లేదు. వాడు గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం. పొట్ట ఒకసారి పైకి లేచి కిందకి దిగితే ఒకటి. ఫోనులో అర నిమిషం టైమరు పెట్టి లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి. కలలో కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు, ఎండకి నాలుక చాపి రొప్పుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నిమిషానికి ముప్ఫై లోపు ఉంటే బాగున్నట్టు. ముప్ఫై దాటితే అరగంట ఆగి మళ్లీ చూడాలి, అప్పుడూ దాటి ఉంటే డాక్టరుకి ఫోన్ చేయాలి. నలభై దాటితే ఇక ఆలోచించకుండా బయలుదేరాలి. ఊపిరితిత్తుల్లో నీరు మళ్లీ చేరుతోందని దగ్గు కంటే, ఆయాసం కంటే ముందు చెప్పేది ఈ అంకె.

మా ఇంట్లో హాలు గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, ప్రతి గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ ఇరుకిరుగ్గా ఉంటాయి, వాటి పక్కన ఎర్ర పెన్నుతో ఆ రాత్రి అంకె రాస్తాను. 22, 24, 21, 24, 26, 22. అలా నెలలు నెలలు. జూలైలో ఒక గడిలో 34 అని ఉంది, దాని కింద చిన్నగా 36 అని. ఆ రోజు వాడు చూడటానికి బాగానే ఉన్నాడు, సాయంత్రం తిండి కూడా తిన్నాడు, దగ్గలేదు. అంకె రాయకపోతే నేను పడుకునేదాన్నే. రాత్రి పదకొండింటికి డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన చిగుళ్ల రంగు అడిగి, లాసిక్స్ ఇంకో అర మాత్ర వేసి రెండు గంటల తర్వాత లెక్కపెట్టి చెప్పమన్నారు. ఒంటిగంటకి 30, తెల్లవారి ఐదింటికి 26. పొద్దున తీసుకెళ్తే మోతాదు మార్చారు. ఆక్సిజన్ అవసరం పడలేదు, ఇంజెక్షన్ కూడా పడలేదు. అది మొదట్లో మార్చి నెలలో పడిన నరకంలో పదో వంతు కూడా కాదు. అందుకే ఎవరు అడిగినా మందు కంటే ముందు ఈ లెక్క నేర్చుకోమంటాను.

తిండి దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. వాడికి చిన్నప్పటి నుంచి అమ్మ భోజనం చేస్తుంటే పక్కన కూర్చుని అప్పడం ముక్క తినడం అలవాటు. ఆవకాయ కలిపిన అన్నం ముద్ద కూడా తినేవాడు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, మనం లాసిక్స్ వేసి లాగేసేది అది అప్పడంతో వెనక్కి తెచ్చుకుంటుంది. బిస్కెట్లు, బ్రెడ్డు, చీజ్, మిక్చర్, వీటన్నిటిలోనూ ఉప్పు ఉంది, తియ్యటి బిస్కెట్లలో కూడా. అమ్మ "ముసలాడికి ఈ వయసులో నోరు కట్టేస్తారా" అంది. ఆ మాట నాకూ గుచ్చుకుంది. కానీ ఎక్స్‌రే చూపించి చెప్పాక తనే ఉప్పు లేని అప్పడాలు ఎక్కడైనా దొరుకుతాయా అని వెతికింది, దొరక్క బెండకాయ, చిలగడదుంప ముక్కలు ఉడకబెట్టి పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ చిలగడదుంప ముక్క కోసమే కూర్చుంటాడు. మామూలు తిండి అంటే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం, కాస్త పెరుగు. మాంసం తగ్గించి ఉత్త పెరుగన్నం పెట్టకండి. గుండె జబ్బు కుక్కలు కండ కరిగిపోతాయి, పైన బొచ్చు ఉంటుంది కాబట్టి మనకి కనపడదు. వెన్నెముక మీద చెయ్యి వేసి నిమిరితే ఎముకలు గుచ్చుకుంటాయి. మా వాడికి ఒక కిలో తగ్గినట్టు నాకు అలాగే తెలిసింది. ఇప్పుడు వారానికోసారి నేను వాణ్ణి ఎత్తుకుని తూకం మీద నిలబడి, నా బరువు తీసేసి రాసుకుంటాను. ఉన్నట్టుండి బరువు పెరిగినా సంతోషపడకండి, పొట్టలో నీరు చేరి ఉండొచ్చు.

మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాం, గొంతు మీద లాగుడు పోయి దగ్గు కొంత తగ్గింది. మెట్లు ఎక్కేటప్పుడు ఎత్తుకుంటాను, దిగేటప్పుడు వాడే దిగుతాడు. నడక మానిపించలేదు, తెల్లవారుజామునే కాలువ గట్టు దాకా నెమ్మదిగా, వాడు ఆగితే నేనూ ఆగుతాను. ఎండాకాలం ఈ జబ్బుకి పగ. మొదటి వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయి గంటన్నరకి గానీ రాకపోతే తడి గుడ్డ పరిచి, గచ్చు మీద నీళ్లు చల్లి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాం. తర్వాత ఇన్వర్టరుకి ఆ గది ఫ్యాను కలిపించాం. దీపావళికి, వినాయక చవితి డప్పులకి గుండె అదిరిపోతుంది. డాక్టరుని ముందే అడిగి ఆ రాత్రికి ఏం చేయాలో తెలుసుకోండి, అప్పటికప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తరు.

వెట్‌మెడిన్‌తో ఇబ్బందులేమీ లేవా అంటే, మొదటి వారం విరేచనాలు రెండు రోజులు కాస్త పలచగా అయ్యాయి, తిండి మీద ధ్యాస తగ్గింది, తర్వాత సర్దుకుంది. మాకు అంతకుమించి ఏమీ రాలేదు. ఇది అందరికీ వేసే మందు కాదు. గుండెలోంచి రక్తం బయటికెళ్లే దారి ఇరుకుగా ఉన్న జబ్బుల్లోనూ, కండరం మందంగా గట్టిపడిన జబ్బుల్లోనూ వేయకూడదు. అలాగే గుండెలో శబ్దం వచ్చిన ప్రతి కుక్కకీ వెంటనే మొదలుపెట్టరు. శబ్దం ఉండి గుండె పెరగకపోతే ఊరికే గమనిస్తారు. శబ్దం ఉండి, గుండె పెరిగి, ఇంకా ఆయాసం రాకపోతే, అదే దీనికి అసలైన సమయం. 2016లో ఎపిక్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి, సరిగ్గా ఈ దశలో ఉన్న 360 కుక్కల మీద చేశారు. ఈ మందు వాడినవాటికి గుండె ఓడిపోయి నీరు చేరడమో, గుండె జబ్బుతో ప్రాణం పోవడమో దాదాపు 15 నెలలు ఆలస్యంగా జరిగింది. మనిషి లెక్కలో 15 నెలలంటే ఏముందిలే అనిపిస్తుంది, కుక్క లెక్కలో అది చాలా పెద్ద కాలం. టీకా రోజు ఆ శబ్దం విన్నప్పుడే ఎక్స్‌రే, ఎకో తీయించి ఉంటే, ఆ తర్వాతి రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జిమ్మీకి ఈ మాత్ర ముందే మొదలయ్యేది. ఆ మార్చి తెల్లవారుజాము మాకు వచ్చేదే కాదేమో.

మా వాడిలాగా ఆయాసం వచ్చేశాక మొదలుపెట్టినవాటికి కూడా లాభం ఉంది. అంతకు ముందు 2008లో క్వెస్ట్ అనే పరీక్షలో, లాసిక్స్ లాంటి మామూలు మందులకి తోడుగా ఇది వాడిన కుక్కలకీ బెనాజెప్రిల్ అనే ఇంకో గుండె మందు వాడిన కుక్కలకీ తేడా చూశారు. గుండె జబ్బు వల్ల ప్రాణం పోవడమో, మందులకి ఇక లొంగకపోవడమో జరిగేలోపు దీనితో సగం కుక్కలు 267 రోజులు దాటాయి, దానితో 140. డాక్టరుగారు నాకు ఈ రెండు అంకెలూ చెప్పినప్పుడు 267 రోజుల తర్వాత ఏ తేదీ వస్తుందో క్యాలెండర్లో చూసుకుని ఆ రాత్రి అసలు నిద్రపోలేదు. ఆయన మళ్లీ పిలిచి, ఆ అంకె అటు సగం కుక్కలు ఇటు సగం కుక్కలు నిలిచే గీత మాత్రమే, మీ వాడి తేదీ కాదు అన్నారు. ఆ రోజు దాటి ఇప్పటికి ఐదు నెలలు పైనే అయింది. వాడికి కావాల్సినవి చూసుకుంటున్నాను గానీ, ఆ గడి మీద నేను ఏ గుర్తూ పెట్టలేదు.

మార్కులంటే, మందు పనికి ఐదుకి ఐదు. కుక్క ఇష్టంగా తినడానికి ఐదు. ధరకి మూడు, దొరకడానికి రెండున్నర. డబ్బా మీద "తిండికి గంట ముందు" అనే మాట పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటే మాకు ఆ మూడు వారాలు వృథా అయ్యేవి కాదు, అది కంపెనీవాళ్లు ఆలోచించాల్సిందే.

మీ దగ్గర్లో ఎకో తీసేవాళ్లు లేకపోతే పశువైద్య కళాశాలల్లో కనుక్కోండి, మా వైపు గన్నవరంలో ఉంది, తిరుపతిలో ఉంది, హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్. తీసుకెళ్లేటప్పుడు వాడు దగ్గుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ఫోనులో వీడియో తీసి పట్టుకెళ్లండి, డాక్టరు బల్ల మీద పెట్టగానే భయంతో దగ్గు ఆగిపోతుంది, ఊపిరి మారిపోతుంది. పాత మందుల చీటీలన్నీ, ఊపిరి లెక్క రాసిన కాగితం కూడా. నేను క్యాలెండర్‌నే గోడ మీద నుంచి తీసి పట్టుకెళ్తాను. ఆయన పేజీలు వెనక్కి తిప్పి ఎర్ర అంకెలు చూసుకుంటూ ఉంటే జిమ్మీ బల్ల మీద నిలబడి నా భుజం మీద గడ్డం పెట్టి ఎదురు చూస్తుంటాడు.

నిన్న రాత్రి 24.